నూట ఇరవై మోటార్ల తొందర

రాగి తీగ చుట్టల వెనక నేల మీద కూర్చుని చారులత తన గుండె వేగం చూసుకుంటోంది. నిమిషానికి నూట ముప్పై రెండు. చేతి గడియారం ఆ అంకెను ఎర్రగా చూపించి, దాని కింద మర్యాదగా ఒక ప్రశ్న వేసింది: వ్యాయామం చేస్తున్నారా?

వ్యాయామం కాదు. దాక్కుంది.

స్టోరు తలుపు అవతల లారీ హారన్ మోగింది. బోరుబావిలో నీళ్ళ అడుగున కూర్చుని తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటార్లు నూట ఇరవై, సాయంత్రం నాలుగింటికల్లా ఆ లారీ ఎక్కి ఆంధ్రాలో నరసరావుపేటకు బయల్దేరాలి. ఇప్పుడు పదకొండున్నర. ఎనభై రెండు పెట్టెల్లోకి చేరాయి. మిగిలిన ముప్పై ఎనిమిది టెస్టింగ్ తొట్టి ముందు వరసగా నిలబడి ఉన్నాయి, పెళ్ళిలో రెండో పంక్తి కోసం చూసేవాళ్ళలాగా.

పొద్దున తొమ్మిదింటికి షెడ్డు మధ్యలో, అరవై మంది ఎదుట, ఆమె మామ వరదరాజన్ ప్రకటన చేశాడు. కోయంబత్తూరు పక్కన కినత్తుకడవు దగ్గర కొబ్బరితోటల మధ్య ఈ మోటార్ల ఫ్యాక్టరీ పెట్టింది ఆయనే. చారులత ఆయన పెద్ద కోడలు, ఆయన పిలుపులో అమ్మిణి.

"నాలుగు గంటలకి బండి గేటు దాటాల అమ్మిణి. దాటలేదంటే, లేకుంటే ఇంకొకసారి గుండె పట్టుకోని కూర్చుంటివంటే, రేపట్నించి ప్లానింగ్ కుర్చీలో శరత్ కూర్చుంటాడు. నువ్వు ఇంట్లో రెస్టు తీసుకో."

రెస్టు అనే మాట వింటేనే చారులతకు చెమట పట్టింది. ఏ మోటారు ఏ రోజు ఏ బల్ల మీద తయారవ్వాలో తేల్చే కుర్చీ అది. ఆరేళ్ళుగా ఆమెది. గోడ మీది బోర్డులో గడులన్నీ పచ్చబడిన రోజున ఆమె లోపల ఏదో బాజా మోగుతుంది. ఆ కుర్చీ పోతే ఆమె దగ్గర మిగిలేది వంటిల్లు, టీవీ, అత్త సౌందరం చేసే మెత్తటి గంజి.

గంజి సంగతి తరవాత చెప్పుకుందాం. ముందు ఊపిరి అందాలి.

పోయిన నెల కేరళ నుంచి వచ్చిన వ్యాపారులు చూస్తుండగా టెస్టింగ్ తొట్టి పక్కనే చారులత ఛాతీ పట్టుకుని కూలబడింది. కోయంబత్తూరు ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, గుండె గుర్రంలా ఉందని చెప్పి, ఒక చీటీ రాసిచ్చారు. చీటీ మీద ఉన్నది మందు పేరు కాదు, మనిషి పేరు. తేన్మొళి, కౌన్సెలర్. అప్పటి నుంచి గురువారం గురువారం చారులత ఆమె దగ్గరికి వెళ్తోంది. ఇంట్లో మాత్రం పంటి డాక్టరు దగ్గరికని చెప్పింది. రూట్ కెనాల్ అంది. ఇప్పటికి నాలుగు రూట్ కెనాళ్ళు అయ్యాయి. నోరు నొప్పి పుడుతుందని సౌందరం వారం వారం గంజి కాస్తోంది, చారులత బజ్జీల మీద ఆశ చంపుకుని తాగుతోంది.

తేన్మొళికి ఫోన్ చేసింది. ఆమె తెలుగు మనిషి కాదు, వాళ్ళు మాట్లాడుకునేది తమిళంలో. చారులత గుసగుసగా అంతా చెప్పింది: లారీ, నాలుగు గంటలు, కుర్చీ, నూట ముప్పై రెండు. తేన్మొళి కంగారు పడలేదు, ముందు పాదాలు నేలకు ఆన్చమంది. నేల చల్లగా ఉందా అని అడిగింది. ఉంది. రాగి వాసన వస్తోందా? వస్తోంది. ఇద్దరూ కలిసి పదిసార్లు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలారు. నూట పద్దెనిమిది.

మూడో వారం చారులతే ఆమెకు ఒక ముక్క చెప్పింది. మోటారు స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే అని ఒకటుంటుంది, బరువు ఎక్కువైతే టక్కున కరెంటు ఆపేస్తుంది, అప్పుడు తెలివైన మెకానిక్ ఎవడూ రిలేని తిట్టడు, లోడ్ ఎక్కడినుంచి వస్తోందో చూస్తాడు అని. తేన్మొళి ఆ ముక్క డైరీలో రాసుకుంది. ఇప్పుడు దాన్నే తిరిగి ఆమె ముందు పెట్టింది. నాలుగు గంటలకు లారీ పోకపోతే ఏమవుతుంది అని అడిగింది.

కస్టమర్‌కి కోపం వస్తుందంది చారులత.

కస్టమర్ మీతో అలా అన్నారా?

అనలేదు. కస్టమర్‌తో చారులత ఎప్పుడూ మాట్లాడలేదు.

అయితే తొందర అని మీకెవరు చెప్పారు?

అందరూ చెప్పారు. ఎవరని అడిగితే ఒక్క ముఖమూ గుర్తు రావడం లేదు.

"గుండెని ఆగమని నేను చెప్పడం లేదు," అంది తేన్మొళి. "పరిగెత్తనీండి. దాన్ని తరుముతున్నది ఎవరో మాత్రం కనుక్కోండి. ఒక్కొక్కరినీ అడగండి, ఎవరు చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, మీ చెవులతో విన్నారా అని. పోలీసులు అడిగినట్టు అడగండి."

చారులత లేచి చీర దులుపుకుంది. భయపడటం ఆమెకు కొత్త, ఆరా తీయడం పాత పని. ఒక బోల్టు తక్కువైతే మూడు షెడ్లు వెతికి పట్టుకునే మనిషి.

మొదటి అనుమానితుడు కాళియప్పన్. టెస్టింగ్ ఫోర్‌మన్, ఈ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళ అనుభవం. అతని ఇంట్లోనూ తెలుగే. ఆఫీసులో కూర్చునేవాళ్ళంతా తమిళం, పైన యజమానీ కింద షెడ్డూ తెలుగు, అలా ఉంటుంది ఈ చోటు. చారులత వెళ్ళేసరికి కాళియప్పన్ ఒక మోటారుని తొట్టిలో ముంచి, ఉడకని ఇడ్లీని తీసినట్టు సగంలోనే బయటికి లాగుతున్నాడు. అరగంట నానాల్సింది ఏడు నిమిషాల్లో తీస్తున్నావేమని అడిగితే, మోటారు మెడలో వేలాడుతున్న ఎర్ర చీటీ చూపించాడు. చీటీ మీద తమిళ అక్షరాల్లో ఒకే మాట: అవసరం.

అది ఎవరు కట్టారని అడిగింది.

కాళియప్పన్ చొక్కా జేబులోంచి గుండ్రటి బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుని, ఆలోచిస్తూ నమిలాడు. ఏం బిళ్ళ అది అంటే కడుపు మంటకన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అంటే, ఎర్ర చీటీలు మొదలైన కాడి నించి అన్నాడు. చీటీలు కట్టేది డిస్పాచ్ మేరి అని చెప్పి, తనని ఇందులోకి లాగొద్దని రెండుసార్లు బతిమాలాడు.

డిస్పాచ్ గుమాస్తా ఆరోగ్యమేరి గేటు పక్క గదిలో కూర్చుని, ఒక చేత్తో బిల్లు రాస్తూ ఇంకో చేత్తో జపమాల తిప్పుతోంది. ఒక పూసకు ఒక మోటారు. రెండో చుట్టులో ఎనభై రెండో పూస దగ్గర వేలు ఆగిపోయి ఉంది.

"నేను కట్టినాను మేడమ్, ఒప్పుకుంటా," అంది అడగక ముందే. "కానీ నా సొంత బుద్ధి కాదు. గ్రూపులో వచ్చె."

ఫోన్ తీసి ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపు చూపించింది. నరసరావుపేట పార్టీ గురించి ఏడు నెలల్లో పద్నాలుగు మెసేజీలు. ప్రతి దాంట్లో ఒక అంకె, పక్కన ఆ మాట, దాని పక్కన మూడేసి ఆశ్చర్యార్థకాలు. అరవై, అవసరం. ఎనభై, అవసరం. నూట ఇరవై, అవసరం. అవన్నీ పంపింది శరత్‌కుమార్. తనకు ఈ మధ్య ఆ మాట చూస్తే ఎడమ కన్ను అదురుతోందని ఆరోగ్యమేరి చెప్పింది. చెబుతుండగానే అదిరింది.

శరత్!

చారులత మెదడులో దీపం వెలిగింది. మరిది. కుర్చీకి వారసుడు. దొంగ తొందర పుట్టించి, ఆమెను కూలదోసి, కుర్చీలో కూర్చోవాలని ఏడు నెలలుగా పథకం వేశాడన్న మాట. గుండె నూట ఇరవైకి ఎక్కింది. ఈసారి భయంతో కాదు, వేటతో. ఆ తేడా ఆమెకు తెలిసింది, తెలిసినందుకు నవ్వొచ్చింది.

శరత్ ఎక్కడా లేడు. ఆఫీసులో లేడు, క్యాంటీన్‌లో లేడు, పెయింట్ గదిలో లేడు. చివరికి అతని బైకు పక్కన, కొబ్బరి మట్టల చాటున దొరికాడు. హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బైకు స్టార్ట్ చేయలేదు. ఊరికే హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఏం చేస్తున్నావని ఆమె గద్దించింది. హెల్మెట్ పెట్టుకుంటే గుండె చప్పుడు తక్కువ వినిపిస్తుందన్నాడు.

"వదినా, ఆ కుర్చీ నాకి వద్దు," అన్నాడు హెల్మెట్ లోంచి. "నీ కాలికి మొక్కుతా. నాయన పొద్దున నా పేరు చెప్పిన కాడి నించి ఈడే కూర్చోని ఉండాను. నువ్వు పడిపోవద్దు. నువ్వు పడిపోతే తరవాత పడేది నేను."

చారులతకు జాలేసింది. అయినా ప్రశ్న ప్రశ్నే. గ్రూపులో ఆ మాట పెట్టింది ఎవరు? శరత్ తల ఊపాడు, హెల్మెట్ ఆలస్యంగా ఊగింది. వేళ్ళు తనవే, మాట తనది కాదన్నాడు. నాయన గదిలోంచి బయటికి వచ్చి ఏ అంకె, ఏ మాట చెబితే అది టైపు చేస్తాడట. మూడు ఆశ్చర్యార్థకాలు కూడా నాయన చెప్పినవేనట, ఆయన వేళ్ళతో చూపిస్తాడట.

అక్కడికి దారి మూసుకుపోయింది. ఎందుకంటే ఆ గది తలుపు వెనక జరిగేది ఎవరూ చూడరు. నరసరావుపేట పార్టీ వరదరాజన్ సొంత పార్టీ. మిగతా కస్టమర్లంతా తమిళం, మలయాళం, ఇంగ్లీషు. ఆంధ్రా నుంచి వచ్చిన మొదటి కస్టమర్, అక్కడ రైతులకు మోటార్లు అమ్మే కోటేశ్వరమ్మ. ఆమె తెలుగులో రాసి పంపితే ఇక్కడ చదవగలిగినవాళ్ళు లేరు, అందరూ తమిళ బడిలో చదివినవాళ్ళే. అందుకని ఆమె వాయిస్ మెసేజీలు పంపుతుంది. వరదరాజన్ తలుపు వేసుకుని, ఒక్కోటి రెండుసార్లు వింటాడు. మన భాషలో మాట్లాడే పార్టీ, వేరే ఎవరూ తల దూర్చొద్దని ఆయన ఆజ్ఞ. తల దూర్చిన వాళ్ళు ఇంతవరకూ లేరు.

ఒంటిగంట. ఇంకా ఇరవై తొమ్మిది మోటార్లు మిగిలాయి.

సరిగ్గా అప్పుడే సౌందరం క్యారియర్‌తో దిగింది. గురువారం కదా, గంజి. మూత తీస్తూ, సాయంత్రం పంటి డాక్టరు దగ్గరికి పోతావా అని అడిగింది. చారులతకు ఆ పూట అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది. పళ్ళు బాగానే ఉన్నాయి, తను పోయేది మనసు సంగతులు చూసే కౌన్సెలర్ దగ్గరికి అని చెప్పేసింది. చెప్పి కళ్ళు మూసుకుంది.

"తెలుసు," అంది సౌందరం. "ఏ పంటి డాక్టరు దగ్గరికి పోయినా బుగ్గ వాస్తుంది. నీకి ముఖం వికసించి వస్తా ఉండాది. నువ్వుగా చెప్పాలని గంజి పోస్తా ఉంటిని." క్యారియర్ అడుగు గిన్నె తెరిచింది. అందులో మిరపకాయ బజ్జీలు ఉన్నాయి. ఒకటి కోడలి చేతిలో పెట్టి, గేటు వైపు భర్త కేక వినిపించగానే గొంతు తగ్గించింది. "ఆ డాక్టరమ్మని అడుగు. ముప్పై నాలుగేండ్లుగా నాకీ ఒక పన్ను నొప్పి ఉండాది. ఇప్పుడు గేటు కాడ నిలబడి అరుస్తా ఉండాది చూడు, అదే."

చారులత బజ్జీ గొంతుకు అడ్డం పడేలా నవ్వింది. అత్త కోడలి వీపు మీద చరిచింది. ఆ చరుపుతోనేమో, ఏడు నెలలుగా ఎవరికీ తట్టని పని ఆమెకు తట్టింది.

లారీ రశీదు మీద సరుకు దించుకునేవాళ్ళ నంబరు ఉంటుంది.

ఆరోగ్యమేరి ఆ నంబరు ఇస్తూ శిలువ గుర్తు వేసుకుంది. చారులత డయల్ చేసింది. గడియారం నూట ఇరవై ఆరు చూపించింది. చూపించుకో అనుకుంది. కోపంగా ఉన్న కస్టమర్ తిట్లు వినడానికి సిద్ధపడి నిలబడింది. శరత్, కాళియప్పన్, మేరి, సౌందరం చుట్టూ మూగి ఫోన్ వైపు చెవులు రిక్కించారు.

కోయంబత్తూరు నుంచి అనగానే అవతల నిట్టూర్పు వినిపించింది.

"మళ్ళీ లారీయా తల్లీ?" అంది కోటేశ్వరమ్మ. "మా ఇంట్లో ఇంక చోటు లేదమ్మా. కొట్టంలో మీ మోటార్లు పడుకుంటన్నాయి, దూడ బయట పడుకుంటంది. పోయిన లారీ వాటిని నా మంచం కింద పెట్టాను. మీ హారన్ ఇంటే చాలు, నాకు బీపీ బిళ్ళ వేసుకోవాలనిపిస్తంది."

చారులత ఫోన్‌ను ఒకసారి చెవి నుంచి తీసి చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"మీరే కదాంగ అవసరం అని చెప్తిరి?" అంది, 'అండీ'కి బదులు వాళ్ళ ఇళ్ళలో పలికే 'అంగ'తో.

"చెప్పాను. అవసరమే మరి."

"అందుకే పంపిస్తా ఉండాము."

"పంపండి, వద్దనలేదు. కానీ వెనకాల పులి తరుముతున్నట్టు పంపుతారేంటి?"

"అవసరం అంటిరి కదాంగ."

"అవసరమేనమ్మా. తొందరేం లేదు."

షెడ్డులో ఎక్కడో సుత్తి దెబ్బ ఒకటి పడి ఆగింది. చారులతకు ఆ రెండు వాక్యాలు పక్కపక్కన పట్టడం లేదు. నిప్పే గానీ వేడి లేదన్నట్టుంది. తేన్మొళి చెప్పిన మూడు ప్రశ్నల్లో రెండోది గుర్తొచ్చింది. ఏ మాటల్లో చెప్పారు?

"అమ్మా," అంది నెమ్మదిగా, "అవసరం అంటే మీ ఊర్లో ఏంది?"

"ఏంటంటే ఏం చెప్పేది? కావాలి అని. ఈ ఏడాదికి ఇన్ని మోటార్లు నాకు కావాలి, ఉగాదికి కాసిని, వానలు పడ్డాక కాసిని. మరి మీ ఊళ్ళో ఏమిటి?"

"మా ఊర్లో," అంది చారులత, "పరిగెత్తు అని."

ఎన్ని వందల ఏళ్ళ కిందటో వీళ్ళ పెద్దలు తెలుగు మూట కట్టుకుని ఈ కోయంబత్తూరు వైపుకి, కొంగునాడుకి వచ్చి దిగారు. మూటలో మాటలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఒక్క అవసరం మాత్రం ఎప్పుడో గోడ దూకి తమిళం పక్కకి పోయి, అక్కడ 'అర్జంటు' అనే కొత్త ఉద్యోగంలో చేరింది. వీళ్ళకు ఏదైనా కావాలంటే 'కావాల' అంటారు. అవసరం అన్నారంటే అంబులెన్సు రావాలి. ఆ సంగతి నరసరావుపేటకు ఎవరూ చెప్పలేదు, నరసరావుపేట వీళ్ళకు చెప్పలేదు.

ముందు నవ్వింది కోటేశ్వరమ్మే. ఆ నవ్వు ఫోన్ లోంచి బయటికి దొర్లుకుంటూ వచ్చింది. కోయంబత్తూరోళ్ళు ఎంత మర్యాదస్తులో, అడిగీ అడగకముందే పంపుతున్నారు, ఆపమంటే నొచ్చుకుంటారేమో అని ఏడు నెలలుగా నోరు కట్టుకుని కూర్చున్నానని చెప్పి మళ్ళీ నవ్వింది. సౌందరం స్తంభం పట్టుకుని నవ్వింది. శరత్ హెల్మెట్ తీసేశాడు. ఆరోగ్యమేరి కన్ను అదరడం మానేసింది. కాళియప్పన్ జేబులోని బిళ్ళల పట్టీ తీసి చూసి, ఇదంతా ఒక మాట కోసం తిన్నానా అమ్మా అని అడిగి, నేల మీద కూర్చుండిపోయాడు.

రెండుంపావు. చారులత టెస్టింగ్ తొట్టి దగ్గరికి నడిచి, ఎర్ర చీటీలు ఒక్కొక్కటిగా తెంపడం మొదలుపెట్టింది. మిగిలిన మోటార్లన్నీ నిండా అరగంట నానాలని చెప్పింది. లారీని వెనక్కి పంపకుండా పొల్లాచ్చి కొబ్బరి తోటలకు ఎప్పటి నుంచో ఆగి ఉన్న సరుకు ఎక్కించమంది. కోటేశ్వరమ్మ మోటార్లు నెలకు ఇన్నని బోర్డు మీద పచ్చగా గీసింది. షెడ్డు మొత్తం ఒక పాటలోకి దిగినట్టు నెమ్మదించింది. తీగ చుట్టే వైండింగ్ బల్లల దగ్గర ఆడవాళ్ళు ఏడు నెలల తరవాత పక్కవాళ్ళతో కబుర్లాడారు.

మూడున్నరకు వరదరాజన్ గేటు దగ్గర నుంచి వచ్చాడు. నరసరావుపేట లారీలో కొబ్బరి తోటల సరుకు ఎక్కుతుండటం చూశాడు. ఆయన మీసం ముందు వణికింది, తరవాత గొంతు లేచింది. ఎవరు ఆపారు, ఎవరి ధైర్యం ఇది, ఈ ఫ్యాక్టరీకి యజమాని ఎవరు అని వరసగా అడిగాడు. అరవై మంది పని ఆపి చూస్తున్నారు.

చారులత కోటేశ్వరమ్మకు ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి ముందుకు చాపింది. మీ పార్టీయే మాట్లాడుతారు మామా అంది.

"అన్నయ్యగారూ," అంది కోటేశ్వరమ్మ, ఎంత ఆపుకున్నా గొంతు నవ్వుతో ఊగుతూ, "తొందర అని నేనెప్పుడూ అనలేదండీ. ఒట్టు. నిదానంగా పంపండి. నా మంచం కింద ఇంకా మీ మోటార్లున్నాయి."

ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్క మంచి పని చేసి, మిగతాది వీళ్ళకు వదిలేసింది.

వరదరాజన్ ముఖంలో కోపం ఒక చోటు వెతుక్కుంటోంది. పార్టీ అనలేదు. తను విన్నదే చెప్పాడు, ఒక్క అక్షరం కలపలేదు, ఆ విషయంలో ఆయనకు రవ్వంత అనుమానం లేదు. అంటే మధ్యలో ఎవడో లేని తొందర పుట్టించాడని పైకే అన్నాడు. ఏడు నెలలు. మోటార్లు నానలేదు, మనుషులు నిద్రపోలేదు, పెద్ద కోడలు అందరి ముందూ కూలబడింది. ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఒక్క క్షణం దారి తప్పింది. అది చారులత విన్నది. అక్కర్లేని సమయంలో ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఎవడు వాడు?" అన్నాడు వరదరాజన్. "నా కోడల్ని ఈ గతికి తెచ్చినవాడు ఎవడో ఇప్పుడే తెలియాల. వాడు ఎవడైనా సరి, నా కొడుకైనా సరి, ఈ రోజే వాడి కుర్చీ గేటు బయట ఉంటుంది. మా అమ్మ మీద ఆన."

శరత్ తన చెప్పుల వైపు చూశాడు. కాళియప్పన్ తొట్టిలోకి చూశాడు. ఆరోగ్యమేరి పైకి చూసింది. వైండింగ్ బల్లల దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించారు, పక్కనున్నావిడ ఆమె వీపు నిమిరింది. సౌందరం మాత్రం భర్తనే చూస్తోంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"నీకి తెలుసు అమ్మిణి. నీ ముఖం చెప్తా ఉండాది. చెప్పు."

చారులతకు తెలుసు. నాలుక చివరన ఉంది. కానీ అక్కడొక తాళం ఉంది. వీళ్ళ ఇళ్ళలో కోడలు మామ పేరు నోట పలకదు. గుడిలో అర్చన చేయించేటప్పుడు పంతులు అడిగితే ఆడబిడ్డ వైపు చూడాలి. ఆసుపత్రి ఫారంలో రాయొచ్చు, చదవకూడదు. ఏడేళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారి కూడా పలకలేదు. ఇందాకటి నుంచి గుండె మళ్ళీ పరిగెత్తుతోంది. గడియారం వైపు చూడలేదు. పాదాలు చెప్పుల్లోంచి తీసి నేలకు ఆన్చింది. నేల చల్లగా ఉంది. గుండె పరిగెడుతూనే ఉంది, అయినా నోరు పనిచేస్తుందని మొదటిసారి తెలిసింది.

"మీరే నాకి నాయన మాదిరి మామా. కోపం చేసుకోకండి. చెప్పేదా?"

"చెప్పు. గొణగొద్దు. అందరికీ వినపడాల. ఇనిషియల్‌తో చేర్చి చెప్పు, మెమో రాయాల."

మేరి నిజంగానే పెన్ను తీసింది.

చారులత నిండా ఊపిరి పీల్చుకుంది. అరవై మందికీ, లారీ డ్రైవరుకీ, రోడ్డవతల కొబ్బరి చెట్టెక్కి ఉన్నవాడికీ వినపడేంత గట్టిగా పలికింది.

"ఆర్. వరదరాజన్."